ఎడమ వెనక చక్రం

2022 ఎండాకాలం. నాచారం పారిశ్రామికవాడలో నా అలైన్‌మెంట్ షెడ్డు అప్పటికి బాగానే కుదురుకుంది. మాది తెనాలి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. ఉప్పల్‌లో టైర్ల కొట్టు మా ఆయన చూసుకుంటారు. ఇక్కడ మెషీనూ, రెండు లిఫ్టులూ నా పని. నాకు తోడు యాదగిరి అన్న. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మాటలు తక్కువ, పనితనం గట్టిది.

అలైన్‌మెంట్ అంటే చాలామందికి స్టీరింగ్ నిటారుగా పెట్టడమే. నిజానికి నాలుగు చక్రాలూ లెక్కలోకి వస్తాయి. చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత ఒరిగిందో చెప్పేది క్యాంబర్. చక్రాలు నేరుగా ముందుకు చూస్తున్నాయా, పక్కకు చూస్తున్నాయా అన్నది టో. వెనక చక్రాలు రెండూ కలిసి బండిని ఏ దిక్కుకు నెడుతున్నాయో చెప్పేది థ్రస్ట్ యాంగిల్. అది సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే బండి కొంచెం పక్కవాటుగా నడుస్తుంది. నడిపేవాడు తెలియకుండానే స్టీరింగ్ వంకరగా పట్టుకుని అలవాటు పడిపోతాడు. అందుకే మేము ముందు వెనక చక్రాలు సరిచేసి, తర్వాతే ముందు వాటి జోలికి వెళతాం.

ఆ ఎండాకాలంలోనే ఒక శనివారం పొద్దున నీలం సెడాన్ ఒకటి గేటు దగ్గర ఆగింది. నడిపే అతను బండిని కాస్త అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ మెల్లగా ర్యాంపు ఎక్కించి లోపలికి తెచ్చాడు. పొట్టి స్ప్రింగులు వేయించి నేలకు దించిన బండి. దీన్నే లోయరింగ్ అంటారు. తిన్నగా ఎక్కిస్తే ముందు బంపరు నేలకు రాసుకుంటుంది.

దిగినతని పేరు ప్రవీణ్. ముప్పై దాటలేదు. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు.

"అక్కా, ఎనక టైర్లు జర చూడుర్రి. నాలుగు నెలల కింద ఏపిచ్చిన. గింతలనే అయిపోయినయి. గిట్లవుడు మూడోసారి."

బయటి నుంచి చూస్తే టైరు కొత్తగానే ఉంది. లోపలి అంచున చెయ్యి పెట్టి తడిమాను. రబ్బరు అరిగిపోయి బయటపడ్డ ఇనుప తీగ వేలికి గుచ్చుకుంది.

"వేరే చోట్ల చూపించారా?"

"మస్తు చోట్ల తిరిగిన. అందరిది ఒకటే మాట. బండిని నేలకు దించినవ్ గదా, టైర్లు తినదా మరి అంటరు. మా ఇంటామె గదే అంటది. మా బావ గదే అంటడు. బండి ఆయన కాడ్నే కొన్న. ఉప్పల్‌ల సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్ముతడు. ఆయన మంచి బండే ఇచ్చిండు. దించి ఖరాబ్ చేసింది నేనే."

వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఈ రకం సెడాన్లలో వెనక చక్రాలు దేనికది ఇనుప ఆర్ముల మీద వేలాడుతుంటాయి. బండి కిందికి దిగితే ఆ ఆర్ముల కోణం మారి, చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. మెషీన్ ఎక్కిస్తే అదే కనిపించింది. రెండు వెనక చక్రాలూ ఉండాల్సినదానికంటే బాగా లోపలికి ఒరిగి, పైగా బయటికి చూస్తున్నాయి. టైరు లోపలి అంచు రోడ్డుకు రాసుకుంటూ పోతోంది.

"పొడవు తగ్గించుకోడానికి, పెంచుకోడానికి వీలున్న ఆర్ములు దొరుకుతాయి. అవి వేస్తే ఎత్తు మార్చకుండానే సరిచేయొచ్చు," అన్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. "నిజంగనా అక్కా? అందరు స్ప్రింగులు తీసెయ్యుమన్నరు. మీరొక్కరే గీ మాట చెప్పిన్రు."

ఆర్ములు తెప్పించి వచ్చే శనివారం రమ్మన్నాను. అప్పటిదాకా తీగ తేలిన ఆ టైర్లతో నడపనివ్వలేదు. మా దగ్గరున్న పాత టైర్లు బిగించి పంపాను.

శనివారం వచ్చాడు. యాదగిరి అన్న పాత ఆర్ములు విప్పి కొత్తవి బిగించాడు. నేను మెషీన్ తెర చూస్తూ చెబుతుంటే అతను కింద బోల్టులు తిప్పుతున్నాడు. కుడి చక్రం వెంటనే దారికి వచ్చింది. ఎడమ చక్రానికి క్యాంబర్ కుదిరింది. టో మాత్రం కుదరలేదు. తిప్పుతూ పోతే సర్దుబాటు బోల్టు చివరికంటా వచ్చేసింది. తెర మీద మిగతావన్నీ ఆకుపచ్చ, ఎడమ వెనక టో, థ్రస్ట్ యాంగిల్ ఎరుపు. మామూలుగా ఆ బోల్టు చివరికి రాదు.

ప్రవీణ్ వచ్చి నా భుజం వెనక నుంచి తెర చూశాడు. "గీ జరంతనే గదా అక్కా. ఇడ్సిపెట్టుర్రి. ఇప్పటికే మస్తు ఫరక్ వచ్చింది."

వదిలేయాలనే అనిపించింది. కానీ తెర కింది భాగంలో ఇంకో సంగతి కనిపించింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కుడి పక్క ఒకలా, ఎడమ పక్క ఇంకోలా ఉంది. ఎడమ పక్క బొటనవేలు వెడల్పంత తక్కువ. ఆర్ములు మార్చితే ఇంత తేడా రాదు. లోయరింగ్‌తో అసలే రాదు.

మెషీన్ తప్పు చూపిస్తోందేమో అనుకుని, మా సొంత బండి ఎక్కించి చూశాను. సరిగ్గానే చూపించింది. వెనక ఆర్ములన్నీ ఆనుకునే ఇనుప చట్రం ఏదైనా దెబ్బకు జరిగిందేమోనని యాదగిరి అన్న దాని బోల్టులు వదులు చేశాడు. చట్రం ఉండాల్సిన రంధ్రాల్లోనే ఉంది. అతను కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"మేడం, చక్రాలల్ల ఏం లేదు. బాడీనే వంకరున్నది."

దారానికి ఇనుప గుండు కట్టి, బండి అడుగున ముందూ వెనకా ఫ్యాక్టరీలోనే వేసిన నాలుగు రంధ్రాల నుంచి కిందికి వేలాడదీశాం. గుండు తాకిన చోట నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, బండి పక్కకు తీసి, ఐమూలగా టేపుతో కొలిచాం. రెండు ఐమూలలూ సమానంగా ఉండాలి. లేవు. టేపు తిరగేసి మళ్లీ కొలిచాం. మళ్లీ అంతే.

నట్లు పడిపోకుండా పెట్టుకునే అయస్కాంతపు గిన్నె ఒకటి మా దగ్గర ఉంటుంది. దాన్ని తీసుకుని తలుపుల కింద ఉండే పొడవాటి ఇనుప అంచు మీద జరుపుతూ వెళ్లాను. ముందు తలుపు కింద గట్టిగా పట్టుకుంది. వెనక తలుపు మొదలయ్యే చోట జారి నా చేతిలో పడింది. అక్కడ రంగు కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. అవతలి పక్కకు వెళ్లాను. అక్కడా అదే చోట జారింది.

ఒక పక్క జారితే ఎప్పుడో తగిలిన దెబ్బ అనుకోవచ్చు. రెండు పక్కలా ఒకే గీత మీద జారితే అలా అనుకోలేం.

"ప్రవీణ్, లోపల కార్పెట్ ఎత్తి చూస్తాను. కోసినా సరేనా?"

"ఏమైందక్కా?"

"చూశాక చెబుతాను," అన్నాను. వెనక సీటులో చిన్న పిల్లలను కూర్చోబెట్టే సీటు బిగించి ఉంది. దాన్ని విప్పి బయట పెట్టి, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ ఎత్తాం. దాని కింద మందపాటి నల్లటి పూత. యాదగిరి అన్న గీకుడు రేకుతో గీకాడు. పూత ఊడిన చోట వెల్డింగ్ గీత కనిపించింది. అతను గీకుతూ పోయాడు. గీత కూడా పోతూనే ఉంది, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, బండికి అడ్డంగా. అక్కడక్కడ పొంగి, అక్కడక్కడ అసలు అంటుకోక, వంకరటింకరగా ఉంది. గీతకు ఇవతల నేల నీలం, అవతల నేల తెలుపు.

వర్క్‌షాపుల్లో ఇలాంటివి చేస్తారని విన్నాను. ముందు దెబ్బతిన్న బండి వెనక సగం, వెనక దెబ్బతిన్న బండి ముందు సగం కోసి అతికిస్తారని. విన్నాను గానీ కళ్లతో చూడటం అదే మొదలు.

ప్రవీణ్ వంగి చూసి మొదట నవ్వాడు. అర్థంకాని నవ్వు. "గిదేంది? గీ తెల్లగున్నదేంది?"

"ఇది ఒక బండి కాదు ప్రవీణ్. రెండు బండ్లు."

అతను ఆ గీత వైపు చూశాడు, తర్వాత నా వైపు. "మరి ఇండ్ల నాది ఏ సగం అక్కా?"

అతను, మేం బయట పెట్టిన పిల్లల సీటు దగ్గరికి వెళ్లి, దాని పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. "నిన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద నూటిరవైల పోయిన," అన్నాడు. "బిడ్డ ఎనక పండుకున్నది." ఆ తర్వాత కాసేపు రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు.

తేరుకుని బావకు ఫోన్ చేశాడు. అరగంటలో ఆయన స్కూటరు మీద వచ్చాడు. పేరు శ్రీనివాస్. నలభై ఉంటాయి, నవ్వుముఖం. వస్తూనే నాకు నమస్కారం పెట్టి, బామ్మర్ది భుజం తట్టాడు. గీత చూపించాం. ఆ నవ్వు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"గిది ఏదో రిపేరు చేసిన్రు. సెకండ్స్‌ల గిసుంటియి మామూలే మేడం. రెండేండ్ల సంది నడుస్తలేదా? ఏమన్నయిందా? నువ్వు దించినవ్ గాబట్టి గివన్నీ బయటపడ్డయిరా ప్రవీణు."

"దించకుంటే బయటపడకపోతుండె అంటవ్. గదే కదా బావా?" అన్నాడు ప్రవీణ్.

వాళ్ల గొడవలో తలదూర్చాలని నాకు లేదు. కానీ ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. "శ్రీనివాస్ గారూ, ఈ బండి మీకెక్కడ దొరికింది?"

"శివారుల ఒక యార్డు ఉండె. ఆడ తెచ్చిన."

"ఆ యార్డు నుంచి ఇంకేమైనా కొన్నారా?"

ఒక మనిషి ముఖంలోంచి రక్తం దిగిపోవడం అంటారే, అది ఆ రోజు చూశాను. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. ఆయన లిఫ్టు స్తంభం పట్టుకున్నాడు.

"బావా?" అన్నాడు ప్రవీణ్. అడుగుతూనే అతనికీ తట్టింది. "మా అక్క బండి!"

రెండు బండ్లు ఒకేసారి తెచ్చాడట. ఒకటి బామ్మర్దికి ఇచ్చాడు, రెండోది భార్య స్వప్న కోసం ఇంట్లో ఉంచుకున్నాడు. స్వప్న ప్రవీణ్‌కు సొంత అక్క, స్కూల్ టీచరు. ఆ పొద్దున్నే పిల్లలిద్దరినీ ఎక్కించుకుని, చుట్టాలింట్లో ఫంక్షన్ ఉందని, వరంగల్ హైవే మీద భువనగిరికి బయల్దేరింది.

శ్రీనివాస్ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ప్రవీణ్ కూడా తన ఫోన్ నుంచి చేశాడు.

"ఎత్తది," అన్నాడు శ్రీనివాస్. "నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని నేనే చెప్పిన." ఆ మాట అని, చంటిపిల్లవాడిలా ఏడ్చాడు.

భువనగిరి చుట్టాలకు చేస్తే ఇంకా రాలేదన్నారు. నాకు ఆ హైవే కళ్ల ముందు కదిలింది. లారీలు, ఒక్కసారిగా తగిలే స్పీడ్ బ్రేకర్లు. యాదగిరి అన్న నీళ్లు తెచ్చి ఇస్తే ఎవరూ తాగలేదు. ప్రవీణ్ గేటు దగ్గరికీ లోపలికీ తిరుగుతున్నాడు. ఆ కాసేపు మేం నలుగురం ఆ ఫోన్ తప్ప ఇంకేమీ చూడలేదు.

చివరికి అది మోగింది. శ్రీనివాస్ స్పీకరులో పెట్టాడు.

"గిన్నిసార్లు చేసినవేంది? ఏమైంది?" స్వప్న గొంతు. "ఘట్‌కేసర్ దాటినం. పోరగాళ్లు ఆకలంటే టిఫిన్‌కు ఆగినం."

"స్వప్నా, బండి ముట్టకు. పిల్లలను ఎక్కియ్యకు. తాళంచెవి నీ చేతులనే పెట్టుకో. మేమొస్తున్నం."

"ఎందుకు?"

ప్రవీణ్ ఫోన్ అందుకుని, "అక్కా, వచ్చి చెప్త. ఆడనే కూసో," అన్నాడు.

మా వ్యానులో ఇద్దరూ వెళ్లారు. వచ్చేటప్పుడు రికవరీ లారీ మీద ఆ రెండో బండి, వ్యానులో స్వప్న, పిల్లలు. తెల్లటి బండి, అదే మోడలు, దించలేదు. స్వప్న ముదురు రంగు పట్టుచీరలో ఉంది. దిగుతూనే నన్ను అడిగింది. "మేడం, ఏందిది? దారిపొడుగుతా ఇద్దరు ఏం చెప్తలేరు."

"మీ బండిలో ఎప్పుడైనా ఏమైనా తేడాగా అనిపించిందాండీ?"

"ఏం లేదు. ఎనక ఎడమ డోరే, వానకాలం సంది గట్టిగేస్తెనే పడుతది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టిక్కుమంటది. ఈయనకు చెప్తే రబ్బరు అన్నడు."

బండిని రెండో లిఫ్టు మీద పెట్టాం. అది చక్రాల కింద నుంచి కాకుండా, బాడీకి నాలుగు చోట్ల చేతులు ఆనించి ఎత్తుతుంది. ఎత్తక ముందు ఆ తలుపు వేసి చూశాను. గట్టిగా నెడితే పడింది. మళ్లీ తెరిచి, యాదగిరి అన్నను లిఫ్టు నొక్కమన్నాను. చక్రాలు నేల వదిలాయి. మోకాలి ఎత్తు లేచాక ఆపించి, తలుపు వేశాను.

పడలేదు. కొక్కెం దాని గూటికి అందకుండా పక్కన ఇనుముకు టంగుమని తగిలి వెనక్కి వచ్చింది. ఇంకోసారి వేశాను. మళ్లీ టంగుమంది. చక్రాలు గాల్లో ఉండగా బండి తన బరువుకే నడుము దగ్గర వంగుతోంది.

"దించుర్రి మేడం, దించుర్రి," అంటూ యాదగిరి అన్న నా జవాబు కోసం చూడకుండానే కిందికి నొక్కేశాడు. అంత కంగారుగా అతన్ని ఎప్పుడూ చూడలేదు.

నేల మీదికి వచ్చాక టార్చి వేసి తలుపు కింది అంచును గీకాం. ఇక్కడ గీత కూడా మిగల్లేదు. వెల్డింగ్ పగిలి సందు తేలింది. సందులు కొలిచే సన్నటి రేకు పెడితే లోపలికి దిగింది. స్వప్న నా చేతిలోంచి ఆ రేకు తీసుకుని తనే పెట్టి చూసింది, తీసింది, మళ్లీ పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా?"

"యాక్సిడెంట్ బండ్లని ఎరుక. నీ మీద ఒట్టు, రెండు తునకలని ఎరుకలేదు."

"యాక్సిడెంట్ బండ్లన్న మాటన్న మాకు చెప్పినవా?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని, గేటు దాటి, రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కి వెళ్లిపోయింది. ప్రవీణ్ కూడా అక్క వెనకే వెళ్లాడు.

యార్డు మీద పోలీసు కంప్లైంట్ ఇచ్చారు. వెళ్లి చూస్తే యార్డుకు తాళం. ఆ కేసు ఏమైందో నాకు పూర్తిగా తెలియదు. నాకు బాగా తెలిసింది ఒకటే. ఇంజన్లు, తలుపులు విడిగా అమ్ముకుందామని శ్రీనివాస్ అంటే స్వప్న ఒప్పుకోలేదట. విడిపోయిన ముక్కలు మళ్లీ ఎక్కడ అతుక్కుంటాయోనని ఆమె భయం. రెండు బాడీలూ తన కళ్ల ముందే కోయించాలని పట్టుబట్టింది. పోలీసుల అనుమతి వచ్చాక, తుక్కు యార్డుకు నన్నూ రమ్మన్నారు.

నీలం బండిని గ్యాస్ కట్టరుతో కోశారు. దానికి చాలాసేపు పట్టింది. తర్వాత తెల్లది. కోసేవాడు పైకప్పు ఒక పక్క కోసి, రెండో పక్క మొదలుపెట్టాడు. సగం కూడా కాలేదు. కింద నేలను ఇంకా ముట్టుకోనేలేదు. పెద్ద చప్పుడుతో బండి నడుము కిందికి కూలింది. ముందు సగం ముక్కు పైకెత్తింది, వెనక సగం పక్కకు ఒరిగింది. కోసేవాడు కట్టరు వదిలేసి వెనక్కి దూకాడు. స్వప్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రీనివాస్ ఆమెకు దూరంగా గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆయన ఆ వ్యాపారం మానేశాడని తర్వాత ప్రవీణ్ చెప్పాడు. అక్కాబావలు ఒకే ఇంట్లో ఉంటున్నారట. అక్క మాత్రం ఉప్పల్ నుంచి స్కూలుకు మెట్రోలోనే వెళుతోందట.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది బండి కూలినందుకు కాదు. నేను ఆ రోజు లోయరింగ్‌నే సరిచేస్తున్నాను, బాగానే సరిచేశాను. బండి దించి ఉంది, టైర్లు అరుగుతున్నాయి, కారణం దొరికింది. అందరిలాగే నేనూ అక్కడితో ఆగేదాన్నే. ఎడమ పక్క ఆ సర్దుబాటు బోల్టుకు ఇంకో రెండు చుట్లు తిరిగే చోటు ఉండి ఉంటే, టో కుదిరేది. తెర మొత్తం ఆకుపచ్చగా మారేది. కింద ఇంకో అంకె ఉందని నేను చూసేదాన్నే కాదు. రిపోర్టు ప్రింటు తీసి, నవ్వుతూ ప్రవీణ్ చేతికి తాళాలు ఇచ్చేదాన్ని.

అందుకే ఇప్పుడు ఏ బండి వచ్చినా, మెషీన్ పెట్టక ముందే గుండూ సుద్దముక్కా తీసుకుని నేల మీద కూర్చుంటాను.